రొయ్యల చెరువు గట్టు మీద ఫ్లూక్ 1507 మెగ్గర్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి చేతి మెగ్గరే చాలు

ఏరియేటర్ (రెక్కలతో నీళ్లని చిమ్మి చెరువులో ఆక్సిజన్ కలిపే యంత్రం) మోటారు ఉన్నట్టుండి కాలిపోయినట్టు కనిపిస్తుంది గానీ, అది వారాల తరబడి మెల్లగా పాడవుతూ వస్తుంది. టెర్మినల్ బాక్సు గాస్కెట్ ఎండి పగులుతుంది. రెక్కలు కొట్టిన ఉప్పునీటి తుంపర లోపలికి చేరుతుంది. పగటి ఎండకి నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది, రాత్రయ్యేసరికి ఆ ఉప్పే గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. అలా రోజుకి కొంచెం చొప్పున వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్లు) నుంచి బాడీకి కరెంటు దారి చేసుకుంటుంది. తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిన వేళకి ఆ మోటారు ట్రిప్పయితే రైతుకి పోయేది వైండింగ్ ఖర్చు ఒక్కటే కాదు. అంతకన్నా పెద్ద సంగతి, బాడీకి కరెంటు వచ్చిన ఏరియేటర్ ఉన్న చెరువులోకి ఏదో పని మీద ఒక మనిషి దిగుతాడు.

దీన్ని ముందే పసిగట్టాలంటే మెగ్గర్ కావాలి, అంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు. మల్టీమీటర్ వల్ల కాదు. మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో పంపేది ఒకటి రెండు వోల్టులు. నెమ్మెక్కిన ఇన్సులేషన్ అంత చిన్న వోల్టేజికి బాగానే ఉన్నట్టు కనబడుతుంది. 415 వోల్టుల మీద నడిచే మోటారుకి 500 వోల్టుల డీసీ ఇచ్చి చూస్తేనే లోపలి సంగతి బయటపడుతుంది. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు, రాజోలు, అంతర్వేది వైపు చెరువుల మీద పనికి ఫ్లూక్ కంపెనీ 1507 అనే సెల్స్ మీద నడిచే మెగ్గర్ ఎంతవరకు అక్కరకొస్తుందో ఇక్కడ చూద్దాం. పోలికకి పక్కన పెట్టింది అందరికీ తెలిసిన, పిడి తిప్పే 500 వోల్టుల మెగ్గర్. అన్నట్టు, మెగ్గర్ అన్నది నిజానికి ఒక కంపెనీ సరుకు పేరు, 1903లో లండన్‌లో రిజిస్టరైంది. మన దగ్గర ఏ కంపెనీ ఇన్సులేషన్ టెస్టర్‌నైనా మెగ్గర్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాం.

ముందు తీర్పు. ఇరవై మోటార్లు దాటిన ఆక్వా రైతుకి, చెరువులు చుట్టే ఎలక్ట్రీషియన్‌కి, వైండింగ్ షాపుకి 1507 డబ్బుకి తగ్గ సరుకే. నాలుగైదు ఏరియేటర్లు, ఒక బోరు ఉన్నవాళ్లు దీనికోసం అప్పు చేయక్కర్లేదు, మంచి చేతి మెగ్గర్ చాలు. ధర చేతి మెగ్గర్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ కేబులు పరీక్షించాలనుకునేవాళ్లు మాత్రం రెండూ వదిలేసి 2500 లేదా 5000 వోల్టుల మీటరు చూసుకోవాలి. 1507 వెయ్యి వోల్టుల దగ్గర ఆగిపోతుంది.

ఇందులో 50, 100, 250, 500, 1000 వోల్టులు ఉన్నాయి. నాలుగు డబుల్ ఏ సెల్స్ మీద నడుస్తుంది, కొత్త సెల్స్‌తో సుమారు వెయ్యి పరీక్షలు చేయొచ్చు. టెస్ట్ బటన్ మీటరు మీదే కాక ప్రోబు మీద కూడా ఉంది. గట్టు మీద వంగి, ఒక చేత్తో టెర్మినల్ బాక్సు మూత పట్టుకుని పని చేసేటప్పుడు ఈ ప్రోబు విలువ తెలుస్తుంది. చేతి మెగ్గర్‌తో ఇదే పనికి ఇద్దరు కావాలి, ఒకరు లీడ్లు పట్టుకోవాలి, ఇంకొకరు పిడి తిప్పాలి. ఇక 30 వోల్టులకి మించి కరెంటు ఉన్న తీగ మీద పెడితే 1507 పరీక్ష మొదలుపెట్టదు, హెచ్చరిస్తుంది. మెయిన్ ఆపామనుకుని పక్క ప్యానెల్ ఆపిన సందర్భంలో ఇదొక్కటే మనిషిని కాపాడుతుంది. అయినా దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు. ఫ్యూజులు చేతిలోకి తీసుకున్నాకే పని మొదలవ్వాలి.

అసలు తేడా ఎక్కడుందంటే, పై అంకెల్లో. 500 వోల్టుల చేతి మెగ్గర్లు ఎక్కువగా 100 మెగాఓమ్‌ల స్కేలుతో వస్తాయి (మెగాఓమ్ అంటే పది లక్షల ఓమ్‌లు, అంకె ఎంత పెద్దదైతే ఇన్సులేషన్ అంత మంచిది). అందులోనూ 20 దాటాక గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాయి. కొత్త 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటారు వందల మెగాఓమ్‌లు చూపిస్తుంది. అది పదిహేను రోజులకోసారి చూసినప్పుడు 400, 150, 40 అని దిగుతోందనుకోండి. చేతి మెగ్గర్ ముల్లు మొదటి రెండుసార్లూ అనంతం గుర్తు దగ్గరే ఊగుతుంది, మూడోసారి కూడా ‘బాగానే ఉంది’ అనిపిస్తుంది. 1507లో ఆ మూడు అంకెలూ కళ్ల ముందు ఉంటాయి. 40 అన్నది ప్రమాణం ప్రకారం (అదేమిటో కింద చెబుతాం) మంచి అంకే, కానీ నెలరోజుల్లో పదో వంతుకి పడిపోయిన మోటారుని అక్కడే ఉంచకూడదు. ఆ వారమే గట్టెక్కించి మూత విప్పి చూస్తే, చాలాసార్లు ఒక గాస్కెట్, ఒక కేబుల్ గ్లాండుతో పోయే పని. ఇంకో నెల ఆగితే వైండింగే.

ఇందులో ఒక లోటు చెప్పాలి. 10 గిగాఓమ్‌ల (పదివేల మెగాఓమ్‌ల) వరకు కొలుస్తుందని పెట్టె మీద చూసి మురిసిపోవద్దు, ఆ రేంజి 1000 వోల్టుల దగ్గరే. 500 వోల్టుల మీద సుమారు 500 మెగాఓమ్‌లు దాటితే ‘అంతకన్నా ఎక్కువ’ అన్న గుర్తు మాత్రమే చూపిస్తుంది. కొత్త మోటారు మొదటి రీడింగు కచ్చితంగా కావాలని 1000కి తిప్పాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. వెయ్యి వోల్టుల లోపు మోటార్లకి ఐఈఈఈ 43 ప్రమాణం (మోటార్ల ఇన్సులేషన్ పరీక్షకి అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం రాసిన పద్ధతి) చెప్పింది 500 వోల్టుల డీసీయే, అందులోనూ ఉప్పు తిన్న పాత వైండింగ్‌కి అంతకు మించి ఇవ్వడం మంచిది కాదు. ‘500 పైన’ అని పుస్తకంలో రాసుకుంటే చాలు.

అంకెలు ఎలా చదవాలో కూడా చూడాలి. మామూలు చిన్న మోటార్లకి ఆ ప్రమాణం అడిగే కనీసం 5 మెగాఓమ్‌లు, అదీ వైండింగ్ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. వైండింగ్ వేడి పది డిగ్రీలు పెరిగితే రీడింగు దాదాపు సగమవుతుందని లెక్క. 30 డిగ్రీల దగ్గర 20 వస్తే 40 డిగ్రీలకి అది 10. అప్పుడే ఆపిన మోటారు 60 డిగ్రీల్లో ఉండి 5 చూపిస్తే 40కి అది 20, కంగారు పడక్కర్లేదు. 40 డిగ్రీల లెక్కలో 5 కంటే తక్కువ, 1 కంటే ఎక్కువ ఉంటే తీసి ఆరబెట్టాలి. 1 కంటే తక్కువైతే స్విచ్చి వేయకూడదు. ఇంటి వైరింగుకి కూడా 500 వోల్టులు ఒక నిమిషం ఇచ్చినప్పుడు కనీసం 1 మెగాఓమ్ ఉండాలన్నదే మన దగ్గర పాటించే హద్దు.

‘మాకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంది, ఇంకెందుకు మెగ్గర్’ అని అడిగేవాళ్లున్నారు. ఆర్‌సీసీబీ అంటే కరెంటు భూమిలోకి కారితే లైను ఆపేసే స్విచ్చి. లెక్క వేస్తే సంగతి అర్థమవుతుంది. 230 వోల్టులకి 30 మిల్లీఆంప్స్ పారాలంటే ఇన్సులేషన్ 7.7 కిలోఓమ్‌లకి పడిపోవాలి. అంటే 5 మెగాఓమ్‌ల హద్దుకి ఆరువందల వంతు కన్నా కిందకి జారాకే ఆర్‌సీసీబీ పడుతుంది. అది ఉండి తీరాలి, ప్రాణం కాపాడేది అదే. కానీ మోటారుని కాపాడే వేళకి అది పలకదు.

చెరువు మీద పరీక్ష చేసే పద్ధతి ఇది. మెయిన్ ఆపి ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకోండి. స్టార్టర్ అవుట్‌పుట్ నుంచి మోటారుకి పోయే మూడు తీగలూ విప్పండి. ఇది బద్ధకించే చోటు. తీగలు విప్పకుండా స్టార్టర్‌తో కలిపి కొలిస్తే లోపలి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసేది), సర్జ్ ప్రొటెక్టర్ వల్ల రీడింగు తప్పుగా తక్కువ వస్తుంది, ఆ బోర్డులూ పాడవ్వొచ్చు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) ఉన్నచోట అయితే మోటారు తీగలు విప్పకుండా మెగ్గర్ పెట్టడమంటే డ్రైవ్‌ని చేతులారా చంపుకోవడమే, 500 వోల్టులు వెనక్కి వెళ్లి దాని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లని తినేస్తాయి.

తీగలు విప్పాక ముందు మీటరుని పరీక్షించండి. లీడ్లు విడిగా గాలిలో ఉంచి బటన్ నొక్కితే గరిష్ఠం చూపాలి, రెండూ కలిపితే సున్నా. లీడ్లు తడిగా ఉన్నా, మెలిపడి ఒకదానికొకటి తగిలి ఉన్నా మొదటిది తప్పుతుంది. అప్పుడు ఎర్త్ లీడ్‌ని మోటారు బాడీకి, పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడ్డ చోట పెట్టి, మూడు ఫేజులూ కలిపి రెండో లీడ్ ఇచ్చి సరిగ్గా 60 సెకన్లు ఉంచండి. మొదట్లో అంకె తక్కువగా ఉండి ఎక్కుతూ పోతుంది, ఎందుకంటే కేబులు కెపాసిటర్ లాగా ముందు చార్జి తాగుతుంది. అందుకే అయిదు సెకన్లకి ఒకరు, నిమిషానికి ఒకరు చూసి రాసిన రీడింగుల్ని పోల్చడం దండగ. ఎప్పుడూ నిమిషం రీడింగే రాయాలి. బటన్ వదిలాక 1507 తనంతట తానే చార్జిని దించేస్తుంది, వోల్టులు సున్నాకి దిగడం తెర మీద కనబడుతుంది. ఆ సున్నా చూశాకే లీడ్ తీయాలి. గట్టు పొడుగునా వంద మీటర్ల కేబులు ఉంటే, పరీక్షించిన సమయానికి నాలుగింతలు దిగనివ్వడం మంచి అలవాటు.

రీడింగు తక్కువొచ్చిందనగానే మోటారుని గట్టెక్కించకండి. మోటారు దగ్గర టెర్మినల్ బాక్సు తెరిచి కేబుల్ విడదీసి రెండూ విడివిడిగా చూడాలి. తప్పు చాలాసార్లు కేబుల్‌లో, నీళ్లలో మునిగిన జాయింటులో ఉంటుంది. ఇన్సులేషన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా నీళ్ల కింద నిలవదు. ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు ఫ్లాట్ కేబుల్‌కి పైన ఇనుప తొడుగు ఉండదు, మరి ఎర్త్ లీడ్ ఎక్కడ పెట్టాలి? చెరువు నీళ్లలోనే. మూరెడు రాగి తీగ పైపొర ఒలిచి, కేబుల్ మునిగిన చోటికి దగ్గరగా నీళ్లలో వేసి, దానికి ఎర్త్ క్లిప్ పెట్టండి. ఉప్పునీరు మంచి వాహకం, జాయింటులో చీలిక ఉంటే వెంటనే అంకె కుప్పకూలుతుంది. ఈ పరీక్షప్పుడు నీళ్లలో మనుషులెవరూ ఉండకూడదు.

కేబుల్ పరీక్షలో మాత్రం చేతి మెగ్గర్ ఒక మెట్టు పైనుంది. కొన్ని చేతి మెగ్గర్లకి లైన్, ఎర్త్ కాక గార్డు అనే మూడో టెర్మినల్ ఉంటుంది. 1507కి లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కేబుల్ కొసల మీద కంటికి ఆనని ఉప్పు పొర పేరుకుంటుంది, దాని మీద నుంచి పారే కరెంటు లోపలి ఇన్సులేషన్ పాడైనట్టు భ్రమ పుట్టిస్తుంది. కొస దగ్గర ఇన్సులేషన్ చుట్టూ సన్నటి రాగి తీగ రెండు చుట్లు బిగించి గార్డుకి కలిపితే ఆ పై పై కరెంటు లెక్కలోకి రాదు. 1507తో పని చేసేవాళ్లు బదులుగా కేబుల్ కొసని మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి కొలవాలి. పని జరుగుతుంది, కానీ ఈ ధరకి గార్డు ఉండాల్సింది.

పీఐ, డీఏఆర్ బటన్ల గురించి అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. పది నిమిషాల రీడింగుని ఒక నిమిషం రీడింగుతో భాగిస్తే పీఐ, 60 సెకన్లది 30 సెకన్లదానితో భాగిస్తే డీఏఆర్. మీటరే కాలం చూసుకుని లెక్క చెబుతుంది. పెద్ద యంత్రాల కాయిల్స్‌కి పీఐ 2 ఉండాలన్న మాట నిజమే. కానీ ఏరియేటర్ లాంటి చిన్న మోటారులో ఇన్సులేషన్ చార్జి తాగడం కొద్ది సెకన్లలో అయిపోతుంది, పీఐ 1 దగ్గరే వస్తుంది, మోటారు నిక్షేపంగా ఉన్నా సరే. 2 హెచ్‌పీ మోటారుకి పీఐ రాలేదని వైండింగ్ విప్పించడం అన్యాయం. ఆ బటన్ పెద్ద పెద్ద మోటార్లు చూసేవాళ్లకి వదిలేయండి.

ఏ మెగ్గరైనా పట్టలేనిది ఒకటుంది, ఒకే ఫేజులో చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్టు. బాడీకి 300 మెగాఓమ్‌లు చూపిస్తూనే మోటారు వేడెక్కి ఓవర్‌లోడ్ పడుతుంటే అనుమానం అటు పోవాలి. 1507లో చిన్న ఓమ్‌ల రేంజి ఉంది, దాంతో మూడు ఫేజుల నిరోధాలు ఒకేలా ఉన్నాయా అని చూడొచ్చు. 2 హెచ్‌పీ వరకు మోటార్లు మామూలుగా లోపలే స్టార్ కట్టి (మూడు ఫేజుల కొసలు ఒకచోట కలిపి) మూడు తీగలతో వస్తాయి కాబట్టి ఫేజుకీ ఫేజుకీ మధ్య ఇన్సులేషన్ కొలవడం కుదరదు, ఈ పోలికే దారి. అదే రేంజితో మోటారు బాడీ నుంచి ఎర్త్ పిట్ వరకు ఉన్న తీగ తెగిందో లేదో కూడా చూసేయండి. తుప్పు పట్టిన ఎర్త్ లగ్గులు గట్ల మీద కొల్లలు.

ఎప్పుడు కొలవాలన్నది అంకెని మార్చేస్తుంది. ధనుర్మాసపు పొగమంచులో, రాత్రంతా ఆగి చల్లబడ్డ మోటారు మీద మంచు పట్టినప్పుడు కొలిస్తే ఎంత మంచి మోటారైనా తక్కువే చూపిస్తుంది. నడిచి ఆగిన అరగంటకి, గోరువెచ్చగా ఉండగా, ప్రతిసారీ ఒకే వేళకి కొలవాలి. పుస్తకంలో తేదీ, వేళ, మోటారు నంబరు, బాడీ వేడి, నిమిషం రీడింగు రాస్తే అయిదు గడులే. పట్టుబడి అయి చెరువు ఎండగట్టినప్పుడు ఒకసారి, సీడ్ వేసేముందు ఒకసారి, నడుస్తున్నంతకాలం పదిహేను రోజులకోసారి. తుపాను వెళ్లాకా, వరద నీళ్లు గట్టెక్కి దిగాకా మెగ్గర్ పెట్టకుండా ఏ మోటారూ ఆన్ చేయొద్దు.

నెమ్మెక్కిన మోటారుని ఆరబెట్టడంలో జరిగే తప్పు చెప్పకుండా ఉండలేం. ఉప్పునీళ్లు తాగిన మోటారుని తిన్నగా ఎండలో పెట్టి, మెగ్గర్ 50 చూపించగానే బిగించేస్తారు. నీళ్లు పోయాయి, ఉప్పు లోపలే ఉంది. మంచు పడ్డ మొదటి రాత్రికే మళ్లీ 2కి దిగుతుంది. ముందు బేరింగులు, రోటరు (తిరిగే భాగం) తీసేసి స్టేటర్ని (వైండింగ్ ఉండే కదలని భాగాన్ని) మంచినీళ్లలో రెండు మూడుసార్లు జాడించాలి. గోదావరి కాలవ నీళ్లు పనికొస్తాయి, తీరం దగ్గర బోరు నీళ్లు పనికిరావు. తర్వాత రేకు పెట్టెలో 200 వాట్ల బల్బులు రెండు పెట్టి, 80 నుంచి 90 డిగ్రీలు దాటకుండా ఆరనివ్వాలి. గంటకోసారి కొలుస్తూ ఉంటే మొదట రీడింగు ఇంకా దిగుతుంది. వేడికీ, లోపలి తేమ బయటికి రావడానికీ అది సహజం, అప్పుడు ఆపేయకూడదు. తర్వాత ఎక్కడం మొదలై, రెండు మూడు గంటలు ఒకేచోట నిలబడితే ఆరినట్టు. అప్పుడే వార్నిష్.

కొత్తగా పూర్తిగా చుట్టించిన మోటారుకి మెగ్గర్ ఒక్కటే సరిపోదు, హైపాట్ (ఎక్కువ వోల్టేజికి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) కూడా చేయించాలి. దాని లెక్క మోటారు వోల్టేజికి రెండింతలు, పైన వెయ్యి. 415కి 1830 వోల్టుల ఏసీ, ఒక నిమిషం. ఇది షాపులో సరైన యంత్రంతో, ముందు మెగ్గర్‌లో నెగ్గాకే చేసే పని. బలహీనమైన చోటుని అది అక్కడే చీల్చేస్తుంది కాబట్టి, చెరువులో ఏళ్లు నడిచిన మోటారుకి ఆ వోల్టేజి అడగొద్దు. వార్నిష్‌కి ముందూ తర్వాతా మెగ్గర్ రీడింగులు రాసిచ్చే షాపుకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా తప్పులేదు.

చేతి మెగ్గర్ కొనేవాళ్లకి రెండు మాటలు. తిప్పనప్పుడు ముల్లు స్కేలు మీద ఎక్కడపడితే అక్కడ నిలబడుతుంది. లోపల స్ప్రింగు ఉండదు, అది చెడిపోవడం కాదు. చదునైన చోట పెట్టి, నిమిషానికి 160 చుట్ల లెక్కన, క్లచ్ జారడం చేతికి తెలిసేదాకా ఊపందుకుని నిమిషంపాటు తిప్పాలి. సెల్స్ గొడవ లేదు, బురద చేతులకి భయపడదు.

1507 ఆ విషయంలో సుకుమారం. దాని రక్షణ ఐపీ40, అంటే నీటి తుంపర నుంచి కాపాడుకోవడం మన పనే. నడుస్తున్న ఏరియేటర్ పక్కన గట్టు మీద పెట్టొద్దు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచితో ఉంచి, లీడ్లని పని అవగానే పొడి గుడ్డతో తుడవండి. నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసేయండి. సీరియల్ నంబరు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేకుండా చవగ్గా వస్తోందంటే తీసుకోవద్దు. ఏడాదికోసారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించాలి. ఈలోపు అనుమానమొస్తే 2.2 మెగాఓమ్ రెసిస్టర్లు నాలుగు వరసగా టంకం వేసి 500 వోల్టుల మీద కొలవండి, 8.8కి దగ్గరగా రావాలి. ఒక్క రెసిస్టర్‌తో సరిపెట్టకండి. పావు వాటు రెసిస్టర్ మామూలుగా 250 వోల్టులకే చేసింది, నాలుగైతే ఒక్కోదాని మీద 125 పడుతుంది.